సల్సా పండక్కి వెళ్తున్నారా? ఒంటిని ముందే సిద్ధం చేసుకోండి!

వారానికి రెండు సాయంత్రాలు సల్సా క్లాసుకు వెళ్తున్నారు. నాలుగైదు నెలలయ్యేసరికి అడుగు కుదిరింది. రెండు మూడు రకాల తిరుగుళ్లూ వచ్చాయి. ఇంతలో క్లాసులో ఎవరో ‘వచ్చే నెల బెంగళూరులో మూడు రోజుల ఫెస్టివల్ ఉందట, వెళ్దామా?’ అన్నారు. మనసు సరే అంది. వెంటనే అనుమానాలూ మొదలయ్యాయి. ఈ వయసులో అంతసేపు ఆడగలనా? మోకాళ్లు తట్టుకుంటాయా? అక్కడంతా ఆరితేరినవాళ్లే ఉంటారేమో, నవ్వుతారేమో?

నిశ్చింతగా వెళ్లొచ్చు. ఇలాంటి వేడుకలకు వచ్చేవాళ్లలో చాలామంది మీలాంటి ఔత్సాహికులే. ఉద్యోగాలు, పిల్లలు, ఇంటి పనుల మధ్య తీరిక చేసుకొని నేర్చుకునేవాళ్లే. కాకపోతే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. వారానికి రెండు గంటలు ఆడటానికి అలవాటుపడ్డ ఒళ్లు మూడు రోజుల్లో పది, పన్నెండు గంటలు ఆడాల్సి వస్తుంది. అదీ నిద్ర తగ్గి, తిండి వేళలు తప్పి, కొత్త చోట. అందుకే దీన్ని విహారయాత్రలా కాకుండా 10 కిలోమీటర్ల పరుగుకు సిద్ధమైనట్టు చూడాలి. ముందునుంచి కాస్త జాగ్రత్తపడితే ఆదివారం రాత్రి ఆఖరి పాట దాకా హాయిగా ఆడొచ్చు. సోమవారం కుంటకుండా ఆఫీసుకూ వెళ్లొచ్చు.

మూడు రోజుల్లో ఏం జరుగుతుంది?

సాధారణంగా శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం రాత్రికి ముగుస్తుంది. పెద్ద హోటల్లోనో, రిసార్టులోనో ఏర్పాటు చేస్తారు. పగలు గంట చొప్పున వర్క్‌షాపులు. ఒకే సమయంలో రెండు మూడు హాళ్లలో వేర్వేరు స్థాయుల వారికి నేర్పుతుంటారు. సాయంత్రం వేదిక మీద నిపుణుల ప్రదర్శనలు. ఆ తర్వాత అసలు సందడి... సోషల్ డ్యాన్స్. రాత్రి పది, పదకొండుకు మొదలై తెల్లవారుజాము మూడు, నాలుగింటి దాకా సాగుతుంది. ఇందులో పోటీ ఉండదు, ముందే కూర్చిన నృత్యమూ ఉండదు. పాట వేస్తారు. ఎదుటివారిని అడిగి, ఇద్దరూ కలిసి ఆడతారు. పాట అయిపోతే కృతజ్ఞతలు చెప్పి, మరొకరితో ఆడతారు.

సల్సాతో పాటు డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన బచాటా, అంగోలా నుంచి వచ్చిన కిజోంబా కూడా చాలా ఫెస్టివళ్లలో ఉంటాయి. బచాటా, కిజోంబా సల్సా కన్నా నెమ్మదిగా సాగుతాయి. మధ్యలో కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలనుకునే వారికి ఇదో వెసులుబాటు.

ఎక్కడి నృత్యమిది?

సల్సా మూలాలు క్యూబాలోని సోన్, మాంబో సంగీతాల్లో ఉన్నాయి. క్యూబా, ప్యూర్టోరికోల నుంచి న్యూయార్క్‌కు వలస వచ్చిన కుటుంబాలు ఈ బాణీలకు జాజ్‌ను జోడించి, 1960, 70లలో కొత్త రూపమిచ్చాయి. 1964లో జానీ పచేకో, జెర్రీ మసూచీ న్యూయార్క్‌లో నెలకొల్పిన ఫానియా రికార్డుల సంస్థ దీన్ని సల్సా పేరుతో ఊరూరికీ చేర్చింది. స్పానిష్‌లో సల్సా అంటే ఊరగాయలా నంజుకునే సాస్ అని అర్థం! వివిధ దేశాల నృత్యకారులు ఒకచోట చేరి కొద్దిరోజుల పాటు నేర్చుకుంటూ, ఆడుతూ గడిపే సల్సా కాంగ్రెస్‌ల పద్ధతి 1990ల చివర్లో ప్యూర్టోరికోలో మొదలై ప్రపంచమంతా పాకింది. అలా మన బెంగళూరు, ముంబైల దాకా వచ్చింది.

మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. సల్సా లెక్క ఎనిమిది. 1, 2, 3లకు అడుగులు, 4కు విరామం. మళ్లీ 5, 6, 7లకు అడుగులు, 8కి విరామం. ఆది తాళం వేసిన చేతులకు ఎనిమిది లెక్కించడం కష్టమేం కాదు. క్యూబాలో ‘రుయెడా’ అనే పద్ధతి ఉంది. జంటలన్నీ వలయంగా నిలబడి, ఒకరు కేక వేయగానే జతలు మారుతూ ఆడతాయి. చిన్నప్పుడు కోలాటం ఆడినవారికి ఇది చూడగానే సగం అర్థమైపోతుంది.

ఒంటికి నిజంగా మంచిదేనా?

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. సల్సా ఈ కోవలోకే వస్తుంది. సుమారు 70 కిలోల బరువున్నవారు గంటసేపు ఆగకుండా ఆడితే దాదాపు 300 క్యాలరీలు ఖర్చవుతాయి. ఫెస్టివల్లో మధ్యమధ్య ఆగుతాం కాబట్టి లెక్క కొంత తగ్గుతుంది.

అడుగుల సంగతి చూడండి. నిమిషానికి 180 బీట్లున్న పాట అనుకుందాం. ఎనిమిది బీట్లకు ఆరు అడుగుల చొప్పున నిమిషానికి 135 అడుగులు పడతాయి. నాలుగు నిమిషాల పాటకు 540. రాత్రి 15 పాటలకు ఆడితే 8 వేల పైచిలుకు! పగటి క్లాసులు దీనికి అదనం. చిన్న అడుగులే అయినా ప్రతిసారీ బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మారుతుంది. తొడ, పిక్క, పాదాల కండరాలకు గట్టి పని పడుతుంది.

మెదడు సంగతేంటి? న్యూయార్క్‌లో 75 ఏళ్లు పైబడిన 469 మందిని కొన్నేళ్ల పాటు పరిశీలించి, 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు ప్రచురించారు. పుస్తకాలు చదవడం, బల్ల మీద ఆటలు, వాద్యం వాయించడంతో పాటు తరచూ డ్యాన్స్ చేసేవారిలో మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా కనిపించింది. పరిశీలించిన శారీరక శ్రమల్లో ఇలా తేలింది డ్యాన్స్ ఒక్కటే. అయితే డ్యాన్స్ వల్లే మెదడు పదిలంగా ఉందని దీని అర్థం కాదు. మెదడు చురుగ్గా ఉన్నవాళ్లే డ్యాన్స్‌కు వెళ్తూ ఉండొచ్చు. కానీ సంగీతం వినడం, లెక్క తప్పకపోవడం, ఎదుటివారి కదలికను బట్టి అప్పటికప్పుడు స్పందించడం... ఇవన్నీ ఒకేసారి చేయాల్సి రావడం మెదడుకు మంచి కసరత్తే.

ఒక మాట మాత్రం మరవొద్దు. ఏడాదికోసారి మూడు రోజులు చెమటోడిస్తే వచ్చే లాభం కొంచెమే. దానికోసం ముందు ఆరు వారాలు చేసే సాధన, ఆ తర్వాతా మానకుండా కొనసాగించే అలవాటే అసలు మందు.

ఆరు వారాల ముందు నుంచి...

* వారంలో అయిదు రోజులు 30 నిమిషాల పాటు చురుగ్గా నడవండి. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. ఇదే సరైన కొలత.

* కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి, మెల్లగా కూర్చోండి. 10 సార్ల చొప్పున రెండు విడతలు. తొడ కండరాలు బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

* వంటగట్టు పట్టుకొని మునివేళ్ల మీద లేచి, నెమ్మదిగా మడమలు దించండి. 10 నుంచి 15 సార్లు, రెండు విడతలు. రాత్రి ముందుగా మొరాయించేది పిక్కలే.

* ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం రెండు కాళ్లకూ సాధన చేయండి. పడిపోకుండా పక్కన గోడో, గట్టో ఉండాలి. తిరిగేటప్పుడు తూలకుండా కాపాడేది ఈ పట్టే.

* ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు పాట పెట్టుకొని మామూలు అడుగులే వేయండి. మొదటి వారం రెండు పాటలు, తర్వాత మూడు, నాలుగు... ఇలా పెంచుకుంటూ పోవాలి. అయిదో వారానికల్లా మధ్యలో ఆగుతూ 45 నిమిషాలు ఆడినా మర్నాడు నొప్పి లేకుండా ఉంటే మీరు సిద్ధమైనట్టే.

* ఆఖరి వారం తగ్గించండి. బాకీపడ్డ సాధనంతా ఆ వారంలో తీర్చేద్దామనుకుంటే అలసిన కాళ్లతో వెళ్లాల్సి వస్తుంది.

డాక్టర్‌ను ఎవరు అడగాలి?

గుండెజబ్బు ఉన్నవారు, స్టెంటు వేయించుకున్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉండేవారు, మెట్లెక్కితే మామూలు కన్నా ఎక్కువ ఆయాసపడేవారు టికెట్ కొనకముందే డాక్టర్‌ను కలవాలి. మోకాలి మార్పిడి చేయించుకున్నవారు, ఎముకలు గుల్లబారినవారు, తల తిరుగుడు సమస్య ఉన్నవారు, గర్భిణులు కూడా ముందుగా అడగాలి. ‘డ్యాన్స్ చేయొచ్చా?’ అని అడిగితే సరిపోదు. రోజుకు ఎన్ని గంటలు, ఎంత వేగం, గిరగిరా తిరగడం ఉంటుందా అన్నది వివరంగా చెప్పాలి. అప్పుడే సరైన సలహా దొరుకుతుంది.

షూస్ విషయంలో రాజీ వద్దు

కొత్తగా వెళ్లేవారికి మోకాలి నొప్పి రావడానికి ముఖ్య కారణాల్లో ఒకటి స్పోర్ట్స్ షూస్. పరుగు కోసం చేసిన రబ్బరు అడుగు నేలను గట్టిగా పట్టుకుంటుంది. తిరిగేటప్పుడు ఒళ్లు తిరుగుతుంది గానీ పాదం తిరగదు. ఆ మెలి మోకాలి మీద పడుతుంది. అందుకే డ్యాన్స్ షూస్ అడుగున మెత్తటి స్వెడ్ తోలు ఉంటుంది. ఇవి కాస్త జారుతూ, కాస్త పట్టు ఇస్తాయి. బయట తడినేల మీద వీటితో నడవకూడదు. హాలుకు వెళ్లాకే వేసుకోవాలి. కొనడం ఇష్టం లేకపోతే అడుగు నున్నగా, పాదానికి అంటిపెట్టుకునే తోలు షూస్ నయం. చెప్పులు, వెనక పట్టీ లేని శాండిళ్లు వద్దు.

మహిళలు మూడంగుళాల మడమలతో మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. మడమ ఎత్తు పెరిగేకొద్దీ బరువంతా ముందు పాదం మీద పడుతుంది. తక్కువ ఎత్తు, వెడల్పు మడమ చాలు. బల్లపరుపు డ్యాన్స్ షూస్ కూడా దొరుకుతాయి. రెండు జతలు తీసుకెళ్లి పగటికి ఒకటి, రాత్రికి ఒకటి వాడితే పాదాలకు ఒకేచోట ఒరిపిడి తగ్గుతుంది. కొత్త జతను ఫెస్టివల్ రోజున తొలిసారి వేసుకోవద్దు. కనీసం నాలుగైదు క్లాసుల్లో వాడి ఉండాలి. కాళ్లు నొప్పెడుతున్నాయని వట్టి కాళ్లతో ఆడొద్దు. కిక్కిరిసిన హాల్లో ఎవరి మడమ ఎవరి వేళ్ల మీద పడుతుందో చెప్పలేం.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

రోజుకు మూడు, నాలుగు చొప్పున మార్చుకునే చొక్కాలు లేదా టాపులు, చిన్న తువ్వాలు, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పాదాల బొబ్బలకు అంటించే పట్టీలు, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్, రోజూ వేసుకునే మందులు. వీటితో పాటు వేయించిన శనగలు, పల్లీ చిక్కీ, అరటిపండు వంటివి. అర్ధరాత్రి ఆకలేస్తే హోటల్లో దొరికేది చిప్స్, కూల్‌డ్రింకే కావొచ్చు.

ఆడేముందు వాచీ, పెద్ద ఉంగరాలు, వేలాడే గాజులు, పొడవాటి చెవి దిద్దులు తీసేయండి. గోళ్లు కత్తిరించుకోండి. జడ ఉన్నవారు ముడి వేసుకోవడం మేలు. వేగంగా తిరిగినప్పుడు జడ కొస కొరడాలా ఎదుటివారి ముఖానికి తగులుతుంది.

అన్ని క్లాసులకూ వెళ్లాలా?

అక్కర్లేదు. డబ్బులు కట్టాం కదా అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరు క్లాసులకు వెళ్తే రాత్రికి కాళ్లూ ఉండవు, బుర్రా పనిచేయదు. రోజుకు మూడు చాలు. ఉదయం రెండు, సాయంత్రం ఒకటి. మధ్యలో భోంచేసి, గదిలో గంటైనా నడుం వాల్చాలి. మీ స్థాయి కన్నా ఒక మెట్టు కిందున్న క్లాసుకు కనీసం ఒకదానికైనా వెళ్లండి. తెలిసిన అడుగునే మంచి గురువు దగ్గర సరిదిద్దుకుంటే వచ్చే లాభం, పట్టుబడని పది కొత్త తిరుగుళ్ల కన్నా ఎక్కువ. పై స్థాయి క్లాసులో తడబడితే జతగా నిలబడ్డవారి సమయం కూడా వృథా అవుతుంది.

క్లాసు చివర్లో గురువులు నేర్పిందంతా ఒకసారి ఆడి చూపిస్తారు. చాలాచోట్ల దాన్ని ఫోన్‌లో తీసుకోనిస్తారు. అడిగి తీసుకోండి. క్లాసుకొక్క విషయం గుర్తున్నా మూడు రోజుల్లో ఎంతో నేర్చుకున్నట్టే.

రాత్రి సోషల్‌కూ ఇదే లెక్క. మూడు, నాలుగింటి దాకా ఉండి తీరాలన్న నిబంధన ఏమీ లేదు. శుక్రవారం త్వరగా ముగించి, శనివారం కాస్త ఎక్కువసేపు ఉండి, ఆదివారం మళ్లీ తగ్గించుకోవచ్చు. మొదటి పది నిమిషాలు నెమ్మది పాటలకు ఆడి ఒళ్లు వేడెక్కించండి. మూడు పాటలు ఆడితే ఒక పాట కూర్చోండి. కళ్లు తిరగకుండా ఉండాలంటే తిరిగేటప్పుడు ఎదురుగా ఒక బిందువు మీద చూపు నిలిపి, తలను ఆఖరున తిప్పి మళ్లీ అదే బిందువుకు తేవాలి. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు చటుక్కున కూర్చోవడం, లేవడం చేయొద్దు.

భుజం జాగ్రత్త

సల్సాలో చేతులు పట్టుకునేది దారి చూపడానికే, లాగడానికి కాదు. బొటనవేలితో అవతలివారి చేతిని బిగించి పట్టుకుంటే తిరిగేటప్పుడు మణికట్టు మెలిపడుతుంది. చేతిని తలకన్నా బాగా పైకి, వెనక్కి లాగితే భుజం కీలు దెబ్బతింటుంది. వేళ్లు వదులుగా కొక్కెంలా ఉంచాలి. మోచేతులు ఒంటికి మరీ దూరంగా పోకూడదు. నొప్పి పుడితే ‘కాస్త మెల్లగా’ అని నవ్వుతూనే చెప్పొచ్చు. వెనక్కి వాల్చడం, ఎత్తడం వంటివి ముందే మాట్లాడుకోకుండా సోషల్‌లో చేయకూడదు. ఎదుటివారికి నడుంనొప్పి ఉందో, నిన్నగాక మొన్న ఆపరేషన్ అయ్యిందో మనకు తెలియదు.

అడగటం తెలియాలి... వద్దనడమూ తెలియాలి

మన ఇళ్లలో చాలామందికి ఇబ్బంది ఇక్కడే. తెలియనివారి చేయి పట్టుకొని ఆడటమా అని సంకోచం. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకు. భార్యాభర్తలు కలిసి వెళ్లినా ఎవరితో ఎవరు ఆడాలన్నది ముందుగా ఇంట్లోనే మాట్లాడుకుంటే అక్కడ అలకలు ఉండవు. ‘మొదటి పాట, ఆఖరి పాట మనిద్దరిదే’ అనుకునే జంటలు ఉన్నాయి. ఇది మంచి ఒప్పందమే.

ఎవరైనా ఎవరినైనా అడగొచ్చు. ఆడవాళ్లు అడగటం అక్కడ మామూలే. ఒక చిరునవ్వు, ‘డ్యాన్స్ చేద్దామా?’ అన్న ప్రశ్న చాలు. కొత్తవారైతే ‘నేను ఇంకా నేర్చుకుంటున్నాను’ అని ముందే చెప్పేయండి. ఎదుటివారు వేగం తగ్గిస్తారు. వద్దనుకుంటే ‘ఇప్పుడు కాదండీ, థ్యాంక్యూ’ అంటే చాలు. కారణం చెప్పక్కర్లేదు. వద్దన్నప్పుడు బతిమాలడం, మళ్లీ మళ్లీ అడగటం మర్యాద కాదు. ఆడుతూ ఆడుతూ ఎదుటివారికి పాఠాలు చెప్పడమూ అంతే.

దగ్గరగా పట్టుకునే భంగిమలో లీడ్ చేసేవారి చేయి ఉండాల్సిన చోటు ఎదుటివారి వీపు మీద, భుజం ఎముక దగ్గర. అంతకు మించి కిందికి జారినా, ఇబ్బందిగా అనిపించినా పాట మధ్యలోనే ఆపి వచ్చేయొచ్చు. అది తప్పు కాదు. నిర్వాహకులకు చెప్పండి. సర్దుకుపోవాల్సిన పనిలేదు. ఒంటరిగా వెళ్లే మహిళలు గదిని అదే హోటల్లో తీసుకోవడం, రాత్రి తోటి క్లాసువారితో కలిసి తిరిగి రావడం మంచిది.

గోడవారగా కూర్చుని, అందరూ తమకన్నా బాగా ఆడుతున్నారని కుంగిపోవడం కొత్తవారిలో సహజం. నిజానికి అంతమందిలో మీ అడుగు తప్పడం ఎవరూ గమనించరు. ఆరితేరిన నర్తకులు కూడా తర్వాత గుర్తుచేసుకునేది తిరుగుళ్లను కాదు... నవ్వుతూ, లెక్కలో ఉంటూ, చేయి నొప్పించకుండా ఆడినవారినే.

తిండి, నీళ్లు, నిద్ర, చెవులు

* డ్యాన్స్‌కు రెండు, మూడు గంటల ముందు మామూలు భోజనం చేయండి. అన్నం, పప్పు, పెరుగు చాలు. బిర్యానీ తిని గిరగిరా తిరిగితే వాంతి వస్తుంది.

* దాహం వేసేదాకా ఆగకుండా రెండు మూడు పాటలకోసారి కొన్ని గుక్కల నీళ్లు తాగండి. చెమట బాగా పోస్తే ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ మంచివి. ఒక్కసారే లీటర్ల కొద్దీ తాగొద్దు. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు తగ్గించమన్నవారు డాక్టర్ చెప్పిన మోతాదు దాటొద్దు.

* మద్యం వద్దు. అది తూలేలా చేస్తుంది, ఒంట్లో నీరు తగ్గిస్తుంది. దెబ్బ తగిలినా వెంటనే తెలియనివ్వదు.

* స్పీకర్లకు దూరంగా ఉండండి. చప్పుడు 85 డెసిబెల్స్ ఉంటే 8 గంటల దాకా, 100 డెసిబెల్స్ ఉంటే 15 నిమిషాలకే సురక్షిత పరిమితి దాటుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. పక్కవారితో అరిచి మాట్లాడాల్సి వస్తుంటే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాల్సిందే. పాట వినపడుతుంది, దెబ్బ తగ్గుతుంది.

* ఆదివారం అర్ధరాత్రి దాకా ఆడి, కారు నడుపుకొంటూ ఇంటికి బయల్దేరొద్దు. బెంగళూరు నుంచి హైదరాబాద్ సుమారు 570 కిలోమీటర్లు. ఈ మొత్తం వేడుకలో అన్నింటికన్నా పెద్ద ప్రమాదం నిద్రలేని కళ్లతో చేసే ఈ ప్రయాణమే. సోమవారం సెలవు పెట్టి, పడుకుని లేచి బయల్దేరండి. లేదంటే రైలు, బస్సు ఎక్కండి.

మధుమేహం ఉంటే...

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడేవారికి ఎక్కువసేపు ఆడితే గ్లూకోజు పడిపోవచ్చు. ఆడేటప్పుడే కాదు... కొన్ని గంటల తర్వాత, నిద్రలో కూడా పడిపోవచ్చు. మందు మోతాదు ఆ మూడు రోజులకు మార్చాలా అన్నది ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. సొంతంగా మానేయొద్దు. గ్లూకోమీటర్ వెంట ఉండాలి. ఆడేముందు 90 కన్నా తక్కువ ఉంటే అరటిపండో, బిస్కట్లో తిని మొదలుపెట్టాలి. మధ్యలో చేతులు వణకడం, చెమటలు, అయోమయం ఉంటే ఆగి చూసుకోవాలి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు పొడి లేదా చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. డ్యాన్స్‌లో వచ్చే చెమటా, గ్లూకోజు తగ్గినప్పటి చెమటా ఒకేలా ఉంటాయి కాబట్టి తోటివారిలో ఒక్కరికైనా మీ సంగతి చెప్పి ఉంచండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు రోజూ పడుకునే ముందు పాదాలు, వేళ్ల సందులు పరిశీలించుకోవాలి. బొబ్బ వస్తే మర్నాడు ఆట మానేయడమే మంచిది.

ఎప్పుడు ఆపాలి?

ఛాతీలో నొప్పి, బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, స్పృహ తప్పడం... వీటిలో ఏది కనిపించినా గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

చీలమండ బెణికితే అక్కడితో ఆపేయాలి. గుడ్డలో చుట్టిన మంచు 15, 20 నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. మోకాలు ఉబ్బినా, మడవకుండా బిగుసుకున్నా ఎముకల డాక్టర్‌ను కలవాలి. నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ ఆడటం మాత్రం పొరపాటు. నొప్పి తెలియకపోతే దెబ్బ ముదురుతుంది. పైగా కిడ్నీ సమస్య, అల్సర్, అధిక రక్తపోటు ఉన్నవారికి ఆ మాత్రలే హాని చేయొచ్చు.

సోమవారం తర్వాత...

ఒకటి, రెండు రోజులు కండరాలు పట్టేసినట్టు ఉండటం మామూలే. మూడో రోజుకల్లా తగ్గుముఖం పడుతుంది. పూర్తిగా పడుకోకుండా మెల్లగా నడుస్తుంటే త్వరగా తేలికపడతాయి. ఒక్క పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, నొక్కితే నొప్పి పుడుతుంటే, ముఖ్యంగా ఎక్కువసేపు కదలకుండా ప్రయాణించి వచ్చాక, డాక్టర్‌కు చూపించాలి. రక్తం గడ్డకట్టిందేమో చూస్తారు. చెవుల్లో హోరు మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ నిపుణులను కలవండి.

మూడు రోజుల సందడి తర్వాత ఇల్లు, ఆఫీసు చప్పగా అనిపించడమూ సహజమే. దానికి విరుగుడు అదే వారం మళ్లీ క్లాసుకు వెళ్లడం. ఫెస్టివల్లో ఫోన్‌లో తీసుకున్న ముక్కల్లో ఒక్కటి ఎంచుకుని, వారం రోజులు హాల్లో సోఫా పక్కకు జరిపి సాధన చేయండి. పిల్లలు నవ్వితే నవ్వనీయండి. వాళ్లకూ నేర్పండి. యాభై ఏళ్ల అమ్మో, నాన్నో కొత్త విద్య నేర్చుకుంటూ తప్పులు చేస్తుంటే చూడటం పిల్లలకు మంచి పాఠమే. వచ్చే ఏడాది ఫెస్టివల్‌కు ఆరు వారాల ముందు సిద్ధం కావాల్సిన పని కూడా అప్పుడు ఉండదు. ఏడాదంతా సిద్ధంగానే ఉంటారు.